బీట్‌రూట్ తినే పద్ధతి

ఆ సోమవారం ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం చిన్నోడి పళ్ళెంలో ఒక్క బీట్‌రూట్ ముక్క పెట్టాలి. దాని గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు.

చిన్నోడికి ఎనిమిదేళ్ళు. ఆటిజం ఉంది. వాడు తినేవి మూడే: ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు, అంచులు తీసేసిన బ్రెడ్డు. నాలుగోది పళ్ళెంలో కనిపిస్తే చెవులు మూసుకుని లేచిపోయేవాడు. అందుకే బడివాళ్ళు వాణ్ణి ఒంటిపూటే ఉంచుకుంటున్నారు. అక్కడి భోజనశాలలో నెగ్గుకొస్తాడని డైటీషియన్ రాసిస్తే రోజంతా ఉంచుకుంటామన్నారు. ఇల్లాలు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు బిగించే పని మానేసి రెండేళ్ళయింది. తిరిగి వస్తానంటే నెలాఖరు దాకా చూస్తానని యజమాని అన్నాడు. నెలాఖరు ఇంకా మూడు వారాల్లో ఉంది.

డైటీషియన్ చిన్న వయసు అమ్మాయే అయినా మాట మాత్రం ఖరాఖండీ. "దాచిపెట్టి తినిపించొద్దు, బతిమాలొద్దు, మెచ్చుకోవద్దు కూడా. మీరంతా వాడి ఎదురుగా కూర్చుని అదే తినండి. చూసి నేర్చుకుంటాడు" అంది. కూరగాయల బొమ్మలు ముందు పరిచి నచ్చింది ఎంచుకోమంటే, చిన్నోడు కోసిన బీట్‌రూట్ మీద వేలు పెట్టాడు. అందులోని గుండ్రాలు వాడికి నచ్చాయి. కాకపోతే ఆ ఇంట్లో బీట్‌రూట్ ఎవరికీ సయించదు.

మొదటిరోజు మామగారు చిగుళ్ళు నొప్పి అన్నారు. కోడలు చూసిన చూపుకి ఆ నొప్పి వెంటనే తగ్గింది. ఇల్లాలు తన ముక్కని మాత్రలా నీళ్ళతో మింగేసింది. అసలు ఆశ్చర్యం ఇంటాయన. వంతెనలు కట్టించే ఇంజినీరు, ఇంట్లో మాత్రం వంకలు పెట్టకుండా మెతుకు ముట్టడు. అలాంటి మనిషి కిక్కురుమనకుండా ముక్క నోటికి తీసుకెళ్ళాడు, దవడలు ఆడించాడు, జేబురుమాలుతో మూతి తుడుచుకుని దాన్ని పొందికగా మడిచాడు. కొడుకు కోసం ఇంత చేస్తున్నాడా అని ఆవిడకి పెళ్ళయిన పన్నెండేళ్ళకి మొగుడి మీద మొదటిసారి జాలి కలిగింది.

నాలుగోరోజు చిన్నోడి పళ్ళెం ఖాళీ అయింది. మెచ్చుకోవద్దన్నారు కాబట్టి ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుతీరా ఏడ్చింది. ఆనందం పట్టలేకపోయింది. రోజూ నింపమని డైటీషియన్ ఇచ్చిన చార్టులో "ఒక ముక్క" అని రాసింది. మర్నాడు రెండు, ఆపైన నాలుగు. వాడు తనకీ ఒక జేబురుమాలు కావాలని అడిగితే, శుభ్రత కూడా వచ్చేసిందని పొంగిపోయి అరడజను కొంది. సోమవారం నుంచి వస్తానని దుకాణానికి ఫోన్ చేస్తే, యజమాని తాత్కాలికంగా పెట్టుకున్న మనిషికి మరో చోటు చూసుకోమని చెప్పేశాడు. మామగారు వీధి వీధంతా చాటింపు వేశారు. చార్టు చదివిన డైటీషియన్ మాత్రం, శుక్రవారం భోజనానికి తనే వచ్చి చూస్తానంది.

ఈలోగా బట్టలు తిరగబడ్డాయి. తెల్ల చొక్కాలు గులాబీరంగు తేలాయి. ఇల్లాలు సబ్బు మార్చింది, బట్టలు విడివిడిగా ఉతికింది, చివరికి వాషింగ్ మెషీన్ మెకానిక్‌ని పిలిచింది. అతను కింది మూత తీసి, జాలీలోంచి పిడికెడు ఎర్రటి ముక్కలు బయటికి లాగి, వాటినీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"మెషీన్ బాగానే ఉందమ్మా. మీరు ఇందులో వండకుండా ఉంటే చాలు" అన్నాడు.

చిగుళ్ళ నొప్పి గుర్తుకొచ్చి ఇల్లాలు నేరుగా మామగారి గదికి వెళ్ళింది. ముక్కలు తినకుండా బట్టల్లో దాస్తున్నారా అని ఎంత మర్యాదగా అడిగినా అడిగింది అదే కదా. ఆయన నొచ్చుకుని, ఈ వయసులో దొంగని చేశావా అని, పళ్ళెం పట్టుకుని గదిలోనే భోజనం మొదలుపెట్టారు. ఇంటాయన పేపరు అడ్డంపెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కూర్చునేవాళ్ళు ఒకరు తగ్గితే చిన్నోడు తినడం మానేస్తాడేమోనని ఆవిడ గంటసేపు గుమ్మంలో నిలబడి బతిమాలింది. నలుగురిలో క్షమాపణ చెబితేనే వస్తానన్నారు మామగారు. ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. చెప్పింది.

శుక్రవారం డైటీషియన్‌తో కలిపి ఐదుగురు బల్ల చుట్టూ కూర్చున్నారు. చిన్నోడు ఫోర్కుతో ముక్క గుచ్చి, వాసన చూసి, పెదవులకి ఆనించాడు. రుమాలు అడ్డంపెట్టి దవడలు ఆడించాడు. మూతి తుడుచుకుని, రుమాలుని నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. నిక్కరు మీద ఎర్రటి మరక మెల్లగా పెద్దదైంది.

ఇల్లాలు మొగుడి వైపు తిరిగింది. ఆయన చెయ్యి కూడా సరిగ్గా అప్పుడే జేబులో ఉంది.

"అలా ఎందుకు చేశావు నాన్నా?" అని డైటీషియన్ మెల్లగా అడిగింది.

"బీట్‌రూట్ ఇలాగే తింటారు" అన్నాడు చిన్నోడు. ఒకసారి తండ్రి జేబు వైపు చూసి, "నాన్న ఇవాళ మూడే మడతలు పెట్టాడు" అన్నాడు.

"నేను ఆఫీసుకి పట్టుకెళ్ళి పారేస్తాను. మెషీన్‌లోవి నావి కావు" అన్నాడు ఇంటాయన, అదొక సమర్థన అయినట్టు.

మామగారు తన ముక్కని అందరికీ కనబడేలా నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలారు. ఇల్లాలికి కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. దుకాణమూ పోయింది, బడీ పోయింది, తను రాసిన చార్టంతా అబద్ధం. ఆ మాటే పైకి అని, చార్టు తిరిగి ఇచ్చేయబోయింది.

డైటీషియన్ తీసుకోలేదు. "మూడు వారాల కింద ఈ ముక్క కనబడితే వీడు గదిలోంచి పారిపోయాడు. ఇవాళ అందరితో కూర్చున్నాడు, ముట్టుకున్నాడు, పెదవులదాకా తెచ్చాడు. బడిలో వాడికి కావలసింది అదే. తిండి మీ డబ్బాలోంచి తింటాడు. మింగమని నేనెప్పుడన్నాను?" అంటూ బడి కాగితం మీద సంతకం పెట్టింది. తర్వాత సంచిలోంచి ఇంకో కొత్త చార్టు తీసి, ఇంటాయన వయసెంతని అడిగింది.

చిన్నోడు రోజంతా బడిలో, ఇల్లాలు దుకాణంలో కుదురుకుని మూడు నెలలైంది. ఇంటాయన చార్టులో మాత్రం ఇంతవరకు "వాసన చూశాడు" అనే ఉంది.