పొయ్యికి మెయిన్ స్విచ్

వడోద్ బస్తీల మా రూముల లైన్ల నన్ను బందుపడ్డ సాంచ అంటరు. నలభై ఏండ్లు సూరత్ కార్ఖానాలల్ల సాంచలు, అంటె బట్ట నేసే కరెంటు మగ్గాలు, నడిపిన. ఆ చప్పుడుల గొంతు చించుకున్నా పక్కోనికి వినపడదు. అందుకే మాట్లాడుడే మానేసిన. చేత్తోని సైగ జేస్తం, పెదవులు కదిలిస్తం, పని నడుస్తది.

మా ఇంట్ల మాట్లాడే డ్యూటీ అంత నా భార్య భూదేవిది. ఆమె మొదలువెట్టిందంటె ఇరవై నాలుగు సాంచలు ఒక్కపారి నడిచినట్టే. నడుమ దారం తెగుడు లేదు.

అసుంటి నేను నోరు తెరిచిన్నంటె సంగతి పెద్దదే. జర కూసోండ్రి.

కరోనా వచ్చిన ఏడు, చలికాలం. మా లైన్ల ఎనిమిది రూములు, అన్నిటికి రేకుల కప్పే. ఒక రూముల ఎవరన్న దగ్గితె ఏడు రూములు తలుపులేసుకుంటున్న రోజులు. సర్ది పట్టొద్దని అందరు ఇంట్ల రేకు పొయ్యిలు వెట్టిన్రు. పాత డ్రమ్ము కోసి, పొగగొట్టం తగిలిచ్చి, దాన్ని కిటికీల నుంచి బయటికి తీసుడు. కట్టెలు మండితె రూము వెచ్చగ, మీద వెట్టిన నీళ్లు తానానికి. గ్యాసు వంటకు మిగులుతది.

"సూరత్ చలికి పొయ్యేందిరా?" అని మా ఊరోళ్లు ఫోన్ల నవ్విన్రు. నవ్వనీ. మా భయం చలికి గాదు, పక్కింటోళ్ల చూపుకు.

ఒకనాడు మూడో రూము పద్మారాణి పొయ్యి మీద తాడు కట్టి, పిండిన మాస్కులు ఆరేసింది. ఏడు మాస్కులు. తాడు జారింది, ఏడింటిని పొయ్యి తొడుక్కున్నది. మంట కిటికీ పరద దాక పోయి ఆగింది.

దాంతోని లైనంత ఒక్క మాట మీదికి వచ్చిన్రు. పొద్దున ఒకపారి, పొద్దుగూకి ఒకపారి ఎనిమిది పొయ్యిలు చూసొచ్చే పెద్దమనిషి ఒకరు గావాలె. తప్పు కనపడితె విజిల్ ఊదాలె. ఎవరనేది ఆదివారం తేలుద్దామన్నరు.

ఆ విజిల్ నాకు గావాలె.

ఎందుకంటె, ఒకప్పుడు కార్ఖానాల అగ్గంటుకుంటె ఉరికి మెయిన్ స్విచ్ బందుజేసింది నేనే. సేఠ్ పది మంది ముందట నా ఎడమ భుజం తట్టిండు. ఆ భుజం ఇయ్యాల్టికి కుడిదానికంటె జర ఎత్తుంటది. లాక్‌డౌన్ల కార్ఖానా మూసిన్రు. తెరిచినంక అరవై దాటినోళ్లు రావద్దన్నరు. ఎనిమిది నెలలాయె, నన్ను ఎవ్వరు దేనికీ పిలువక.

భూదేవికి చెప్పిన. "విజిల్ నాకే రావాలె."

"ఊదినంక నాలుగు మాటలు చెప్పాలె గదయ్యా. అవి ఏడికెల్లి తెస్తవు?"

"విజిలే చెప్తది."

"మొన్న చేతులకు శానిటైజర్ రుద్దుకోని అగ్గిపుల్ల గీయబోయినవు. అది గుడ చెప్తదా?"

"గీయలె గదనే."

"నేను మణికట్టు వట్టుకుంటె గీయలె!"

భూదేవి పద్ధతి వేరు. పొయ్యి సుట్టు మూడడుగుల దూరంల ముగ్గుపిండితోని గీత గీసింది. ఆ గీత లోపలికి బట్ట రావద్దు, కాగితం రావద్దు, అడగకుంట నేను రావద్దు. కిటికీ రెక్క ఒకటి ఎప్పుడు తెరిచే ఉండాలె, పొగ లోపల నిలువొద్దు. తలుపు కాడ ఇసుక బకెట్. ఇగ బూడిదైతె మూతున్న ఇనుప డబ్బలనే, అదిగుడ బయట బండ మీద రెండు దినాలు.

"సల్లారిన బూడిదకు రెండు దినాలు పహరానా?" అన్న.

"పైకి సల్లగనే ఉంటది. లోపల ఏం దాసుకుంటదో ఎవలకెరుక? నీ లెక్కనే."

ఆదివారం వచ్చింది. లైనంత మా వాకిట్ల కూడాలె. మా పొయ్యి చూసినోడు ఇగ వేరే పొయ్యి చూడొద్దనుకున్న. పొగగొట్టం ఇప్పి, చీపురుతోని మసి దులిపి, మల్ల తొడిగిన. డ్రమ్మును ఇటుకపొడితోని తోమిన. తెల్లచొక్క తొడిగిన. అంత అయినంక చూస్తె బండ మీద ఆ బూడిద డబ్బ. తుప్పు వట్టి, మొఖం మాడ్చుకోని కూసున్నది. పెద్దమనిషి వాకిట్ల తుప్పు డబ్బేంది?

దాన్ని తోమాల్నంటె ఖాళీ చెయ్యాలె. ఆ పొద్దటి బూడిదే అండ్ల ఉన్నది. బయట పోస్తె భూదేవికి కనపడతది. మా అసుంటోళ్ల ఇండ్లల్ల దేనికైన ఒకటే మందు, దారం కోన్లు వచ్చే అట్టపెట్టె. బట్టలు అండ్లనే, ఉల్లిగడ్డలు అండ్లనే. వేలు వెట్టి చూసిన. బూడిద సల్లగున్నది. అట్టపెట్టెల పోసి మంచం కిందికి నూకిన. డబ్బ తోమి బండ మీద వెట్టిన. తళతళ మెరిసింది. నేను గుడ.

పదకొండు గంటలకు లైనంత వచ్చిన్రు, మాస్కులు వెట్టుకోని, మనిషికి మనిషికి దూరంగ. ముందుగాల ఐదో రూము లక్ష్మీరాజం లేచిండు. ఆయనకు గుడ విజిల్ మీద కన్నున్నది. మేం ఆయనను మైకుసెట్టు అంటం. సూరత్ల ఆ మూల కడోదరా నుంచి ఈ మూల ఆల్థాన్ దాక తనకు తెల్వని అగ్గి లేదన్నడు. అరగంట చెప్పిండు. ఇగ నా వంతు.

గడప మీద నిలవడ్డ. గొంతు సవరించుకుందమని ఒక్కపారి దగ్గిన. లైనంత నాలుగడుగులు ఎనుకకు జరిగింది.

మాట రాలె. సరే, పొయ్యినే చూపెడుదమని ఎనుకకు తిరిగిన. మంచం కిందికెల్లి పొగ వస్తున్నది.

అరువాలె. ఆ ఒక్కదానికే గద పెద్దమనిషి. నోరు తెరిచిన. నలభై ఏండ్ల అలవాటు, పెదవులు కదిలినయి గని చప్పుడు లేదు. కార్ఖానాల అయితె నా పెదవులు చూసి ఉరికేటోళ్లు. ఈడ పెదవుల మీద మాస్కున్నది. చెయ్యి ఎత్తి కిందికి నరికినట్టు సైగ జేసిన. సాంచ ఆపున్రి అని దాని అర్థం.

"చూసిన్రా! అగ్గంటుకుంటె ఎట్ల జెయ్యాల్నో యాక్షన్ జేసి చూపెడుతుండు!" అన్నడు లక్ష్మీరాజం. అందరు చప్పట్లు కొట్టిన్రు.

నా కాళ్లు నన్ను అడగలె. లైను చివర కరెంటు డబ్బ దాక ఉరికినయి. చెయ్యి గుడ అడగలె. మెయిన్ స్విచ్ కిందికి గుంజింది.

ఎనిమిది రూములల్ల టీవీలు ఆగినయి. నీళ్ల మోటరు ఆగింది. అప్పుడు పద్మారాణి కిటికీల నుంచి మంట చూసి "వామ్మో, ఇది యాక్షన్ గాదు!" అని ఒర్రింది. నీళ్లకని లైనంత నల్లా మీద పడ్డది. తిప్పితె బుస్సుమని గాలొచ్చింది.

నేను ఉరికొచ్చేసరికి ఇంట్ల పని అయిపోయింది. భూదేవి మంచం పక్కకు గుంజి, తడి గోనెసంచి పెట్టె మీద కప్పి, దాని మీద ఇసుక బకెట్ బోర్లించింది. మంచం మీది బొంత అంచు జానెడు కాలింది. అంతకంటె ఏం పోలె. నా పరువు లెక్క వేరే.

"ఏడికి పోయినవయ్యా?" అన్నది, కొంగుతోని చెమట తుడుసుకుంట.

"మెయిన్ స్విచ్ బందువెట్టొచ్చిన."

"కట్టెల పొయ్యికి మెయిన్ స్విచ్ ఉంటదా?"

లైనంత నవ్వింది. మాస్కులు ఉబ్బి ఉబ్బి దిగినయి. లక్ష్మీరాజం నా దగ్గరికొచ్చి, "బావా, నన్ను ఓడగొట్టెతందుకు ఇల్లే కాలవెట్టుకోవాల్నా?" అన్నడు.

పద్మారాణి మాత్రం గోనెసంచిని చూస్తున్నది. "అక్కా, ఇది ముందుగాలనే ఎట్ల తడిపి ఉంచినవు?"

"డబ్బ తళతళ మెరుస్తుంటె చూసిన. మూత తీస్తె ఖాళీ. బూడిద ఏడ పోసినవని అడుగుదమంటె మీరు వచ్చిన్రు. అడిగినా ఈయన చెప్తడా? వాకిలంత దేవులాడిన, దొరకలె. ఎందుకైన మంచిదని సంచి తడిపి తలుపెనుక వెట్టిన."

ఎవ్వరు చేతులెత్తలె, ఎవ్వలను అడుగలె. లక్ష్మీరాజమే, తనకే వస్తదని జేబుల వెట్టుకోనొచ్చిన విజిల్ తీసి భూదేవి చేతుల వెట్టిండు. ఆమె దాన్ని కొంగున ముడేసుకున్నది. అందరు నా దిక్కు చూసిన్రు. ఏమన్న చెప్పు అన్నట్టు.

గప్పుడొచ్చింది మాట. అదిగుడ గట్టిగ. లైను చివరి దాక వినపడేటట్టు.

"మా ఇంటామె!" అన్న.

తెల్లారి పొద్దున మొదటి విజిల్ మా వాకిట్లనే మోగింది. బూడిద డబ్బ మూత సరిగ్గ పడలేదట. పోయి పెట్టిన. లైనంత చూసింది.

అప్పటిసంది నాకు గుడ డ్యూటీ దొరికింది. భూదేవి విజిల్ ఊదుకుంట ముందు పోతది, పరద జరుపున్రి, కిటికీ తెరువున్రి అని ఎనిమిది గడపలకు చెప్తది. ఆమె ఎనుక ఇసుక బకెట్ వట్టుకోని నేను. కుడిచేత బరువుంటె ఎడమ భుజం దానంతట అదే పైకి లేస్తది.

సేఠ్ తట్టిన భుజం అదే.