అన్నం తింటూ కబుర్లు చెప్పడం నిషేధించాలి!

పిల్లల్ని బాగా పెంచేవాళ్ల మీద కేసు పెట్టే చట్టం మన దేశంలో లేకపోవడం పెద్ద లోపం! ఊరికే అనడం లేదు. మా ఎదురు ఫ్లాట్‌లోనే అలాంటి నేరస్థుడు ఒకడున్నాడు.

పేరు తిరుపతి. జనగామ వైపు మనిషి. నాచారంలో ఓ ప్యాకింగ్ కంపెనీలో సూపర్‌వైజర్. చూడ్డానికి అమాయకుడిలాగే ఉంటాడు. ఆయన కూతురు సంతోషి, మా హరిచందన ఒకే బడిలో రెండో తరగతి.

మొన్న ఆ బడిలో కథలు చెప్పే పోటీ పెట్టారు. మేం నిజాయతీగా సిద్ధమయ్యాం. ఇంగ్లీషు ఉచ్చారణకి ఫోనిక్స్ క్లాసు, ఆన్‌లైన్‌లో పబ్లిక్ స్పీకింగ్, హబ్సిగూడలో పర్సనాలిటీ డెవలప్‌మెంట్. ఏడేళ్ల పిల్లకి పర్సనాలిటీ లేకపోతే ఎలా చెప్పండి? కథ కూడా కోర్సువాళ్లే రాసిచ్చారు, ఎక్కడ చెయ్యి ఊపాలో, ఎక్కడ నవ్వాలో గుర్తులు పెట్టి మరీ.

హరిచందన స్టేజీ ఎక్కి, నవ్వాల్సిన చోట నవ్వింది. తర్వాతి వాక్యం మర్చిపోయింది. మళ్లీ నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది.

సంతోషి ఏ గుర్తులూ లేకుండా వచ్చి నిలబడి, ఇంట్లో జరిగిందే చెప్పింది. క్రికెట్ మ్యాచ్ రోజు పెరుగు ప్యాకెట్ కోసం వెళ్లిన వాళ్ల నాన్న ఉప్పల్ స్టేడియం జనంలో ఇరుక్కున్నాడట. ఎవరో బలవంతంగా మొహమంతా రంగులు పూశారట. ఇంటికొస్తే సొంత తల్లే గుర్తుపట్టక తలుపేసుకుందట. హాలంతా ఒకటే నవ్వు. ప్రైజు ఆ పిల్లకే.

నాకు అనుమానం వచ్చింది. మెట్ల దగ్గర తిరుపతిని ఆపి, ఎక్కడ కోచింగ్ ఇప్పిస్తున్నారని అడిగాను.

"కోచింగ్ ఏం లేదన్నా. అన్నం తినుకుంట ముచ్చట్లు పెట్టుకుంటం, గంతే. బడి సంగతి ఆమె చెప్తది, కంపెనీ సంగతి నేను చెప్త."

చూశారా, ఎంత ధైర్యంగా ఒప్పుకున్నాడో! పైగా రోజూనట!

పాఠకులారా, కోచింగ్ న్యాయమైనది. ఎవరైనా చేరొచ్చు. కానీ అన్నం దగ్గర కూర్చుని వినే నాన్న ఏ యాప్‌లో దొరుకుతాడు? పరీక్షకి జేబులో చీటీ పెట్టుకొస్తే పట్టుకుంటారు కదా, బుర్రలో నాన్నను పెట్టుకొస్తే ఎలా వదిలేస్తారు?

అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఈ విషయం లేవనెత్తాను. భోజనాల వేళ ప్రతి ఫ్లాట్‌లో టీవీ తప్పనిసరి చేయాలని, అప్పుడే పిల్లలంతా సమానమవుతారని వాదించాను. ప్రెసిడెంటు శ్యామలాదేవి గారు రిటైరైన టీచరు. ఆవిడ తిరుపతి వైపు తిరిగారు.

ఆయన నవ్వలేదు.

"పాపకు నష్టమైతుందంటే నాకు గూడ మంచిగనిపిస్తలేదు. కానీ మాట్లాడకుంట తినుడు మాతోని గాదన్నా. పొద్దుగూకినంక మీ పాపను గూడ మా ఇంటికి పంపున్రి. ఇద్దరు కలిసి తింటరు."

మీటింగ్ అక్కడితో ముగిసింది. నా వాదన రికార్డుల్లోకి కూడా ఎక్కలేదు.

హరిచందన వెళ్లింది. మర్నాడూ వెళ్లింది. మూడో సాయంత్రం తినకుండానే తిరిగొచ్చేసింది. నేను కంచం ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తున్నాను. వచ్చి పక్కన కూర్చుని నా కంచంలోనే చెయ్యి పెట్టింది.

"వాళ్లింట్లో మీ నాన్న సంగతి చెప్పమన్నారు నాన్నా. నాకేం తెలీదన్నాను. రోజంతా నువ్వేం చేస్తావు?"

టీవీ ఆపేశాను. మెట్రోలో నిద్రపోయి ఉప్పల్ దాటిపోయిన సంగతి చెప్పాను. నాగోల్‌లో సెక్యూరిటీ అతను తట్టి లేపితే మా మేనేజరనుకుని లేచి నిలబడి, రిపోర్టు ఇప్పుడే పంపిస్తాను సార్ అన్నాను. అతను కూడా సరే పంపించు అన్నాడు.

పిల్ల పొలమారేదాకా నవ్వింది. మళ్లీ చెప్పమంది. వంటింట్లోంచి మా ఆవిడ సుష్మ కంచం పట్టుకుని వచ్చి మా దగ్గరే కూర్చుంది. ఈ ఫ్లాట్ కొన్నాక మేం ముగ్గురం అలా కూర్చుని తినడం అదే మొదలు.

"రేపు కూడా చెప్తావా?" అంది హరిచందన.

చెప్తానన్నాను. చెయ్యి కడుక్కుని ఫోన్ చూస్తే ఆఫీసు నుంచి మెసేజ్. రేపటి నుంచి నాది సెకండ్ షిఫ్టట. నేను ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది.

కాబట్టి అయ్యలారా, నా డిమాండ్ వెనక్కి తీసుకునేది లేదు. అన్నం తింటూ కబుర్లు చెప్పడాన్ని ప్రతి ఇంట్లోనూ నిషేధించాల్సిందే. కనీసం నా షిఫ్టు మారేదాకా!