పచ్చగా ఉండాలన్న సలాడ్

శనివారం పొద్దున్న ఆర్లిస్ టొర్విక్ పెట్టుకున్న పని చాలా చిన్నది. చర్చి వంటగది తాళాలగుత్తి తీసి, ఏ తాళంచెవి ఏ అరదో చీటీలు రాసి కట్టాలి. ఆ తర్వాత కుర్చీలో కూర్చోవాలి. మిన్నెసోటాలోని న్యూ హాలింగ్ అనే చిన్న ఊళ్ళో, చర్చి కింది హాల్లో పంతొమ్మిదేళ్ళుగా ఏ పెళ్ళి జరిగినా, ఎవరు పోయినా, ఏ విందు పెట్టినా వంటగది బరువు ఆవిడదే. అరవై రెండేళ్ళొచ్చాయి. మోకాళ్ళు ఆవిడకన్నా ముందే రాజీనామా ఇచ్చేశాయి. రేపు మధ్యాహ్నం పాట్‌లక్, అంటే ఎవరింటి వంటకం వాళ్ళు తెచ్చుకుని కలిసి తినే భోజనం. అది కాగానే చర్చి వార్షిక సభ. ఆ సభలో తాళాలు మరీసా చేతిలో పెట్టేస్తే ఇక ఆవిడకు విముక్తి.

మరీసా రెండేళ్ళ కిందట ఆరిజోనా నుంచి వచ్చిన పిల్ల. ఎవరేం తినాలో చెప్పడం క్లినిక్కులో ఆమె ఉద్యోగం, వినకపోవడం ఊరి అలవాటు. చలి మొదలయ్యే ముందు ఒక నర్సమ్మ వచ్చి చర్చిలోనే అందరికీ రక్తపరీక్ష చేస్తే, నలభై ఇద్దరిలో ముప్పై ఒక్కరికి చక్కెర తేలింది. మిగిలిన పదకొండు మంది పరీక్షకు ముందు వారం రోజులు కడుపు మాడ్చుకున్నవాళ్ళు. అది చూసి మరీసా ఒక షరతు పెట్టింది.

"ఒక్క పాట్‌లక్ ఆరోగ్యంగా చేసి చూపించండి ఆర్లిస్ గారూ. ఈ ఊరు చెప్పిన మాట వింటుందని నమ్మకం కుదిరితే ఆ తాళాలు నేనే తీసుకుంటా."

దానికేం భాగ్యం అనుకుంది ఆర్లిస్. ఆదివారం చర్చిలో పంచే కాగితంలో మరీసా స్వయంగా ఒక్క ముక్క రాసిచ్చింది. 'వచ్చేవారం అందరూ సలాడ్లు మాత్రమే తీసుకురండి.'

శనివారం ఎనిమిదింటికి ఫోన్ మోగింది. బెర్నడీన్ స్కోగెన్. చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు.

"ఏమే ఆర్లిస్, నా స్ట్రాబెర్రీ సలాడ్‌లో మార్ష్‌మాలోలు పెద్దవి వెయ్యనా, చిన్నవి వెయ్యనా?"

ఆర్లిస్‌కు గుండె జారిపోయింది. ఆరిజోనాలో సలాడ్ అంటే ఆకులు. న్యూ హాలింగ్‌లో సలాడ్ అంటే జెల్లీ. జెల్లీ పొడి వేడినీళ్ళలో కలిపి, గిలక్కొట్టిన క్రీము పోసి, దూదుండల్లాంటి తీపి మార్ష్‌మాలోలు గుప్పించి, ఓపికుంటే చాక్లెట్ ముక్కలు కూడా తగిలించి, వెనక వసారాలో మంచు మీద పెట్టి గడ్డకట్టిస్తే అది సలాడ్. మాంసంతో పాటు పళ్ళెంలో పెట్టుకుంటే సలాడ్, మాంసం తిన్నాక పెట్టుకుంటే మిఠాయి, అంతే తేడా. ఆర్లిస్ ఫోన్ చెవిన పెట్టుకునే ఫ్రిజ్ తెరిచింది. నిన్న తన చేతులతో చేసి పెట్టిన పియర్ పళ్ళ జెల్లీ ఆవిడను చూసి వణికింది. ఆ కాగితం అచ్చుకిచ్చింది తనే! ఒక్క క్షణమైనా అనుమానం వస్తే ఒట్టు.

'అది తేవద్దు' అంటే పోయేదిగా అని మీకనిపించవచ్చు. మీరు మిన్నెసోటాలో పుట్టలేదు. ఇక్కడ ఒకరి వంటకాన్ని వద్దనడం కంటే వాళ్ళింటికి నిప్పు పెట్టడం మర్యాద. నిప్పు పెడితే కనీసం ఊరంతా సాయానికి వస్తుంది.

"అబ్బే, నీ సలాడ్‌కేమే, బంగారం," అంది ఆర్లిస్. "కాకపోతే... మరీసాకి ఈసారి కాస్త పచ్చగా ఉంటే బాగుంటుందేమోనని ఉన్నట్టుంది. నాకు సరిగ్గా తెలీదనుకో."

"పచ్చగానా? ఓస్, అంతేనా! ముందే చెప్పొద్దూ? అందరికీ నేను చెప్పేస్తాలే."

ఆ చర్చిలో ఫోన్ వరస అని ఒకటుంది. ఎవరైనా పోతే ఒకావిడ ఇద్దరికి చెబుతుంది, ఆ ఇద్దరూ తలా ఇద్దరికి చెబుతారు. అరగంటలో ఊరంతా నల్లబట్టలు ఇస్త్రీ చేసుకుంటుంది. ఆ వరస ఆ పొద్దున్న సలాడ్‌కు పనికొచ్చింది. పదిన్నరకు ఆర్లిస్ భర్త లైల్ కిరాణా కొట్టు నుంచి బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు.

"కొట్లో పచ్చ జెల్లీ పొడి ఒకే ఒక్క డబ్బా మిగిలిందే! ఆ డబ్బా దగ్గర ఇద్దరు ముసలాళ్ళు 'నువ్వు తీసుకో', 'లేదు నువ్వు తీసుకో' అనుకుంటూ ఇరవై నిమిషాల నుంచి నిలబడే ఉన్నారు. ఏంటి సంగతి?"

ఆర్లిస్ తల పట్టుకుంది. ఈసారి తనే బెర్నడీన్‌కు ఫోన్ చేసింది. "పచ్చగా అంటే... కూరగాయలూ అవీ పడితే ఇంకా సంతోషిస్తుందేమో ఆ పిల్ల." బెర్నడీన్ ఒక క్షణం ఆలోచించి, "ఆ, మా అత్తగారు జెల్లీలో క్యారెట్ తురుము వేసేది. క్యాబేజీ కూడా వేసేది పాపం, చివరి రోజుల్లో," అంది. ఆ మాటా వరసలోకి వెళ్ళిపోయింది. పన్నెండింటికి ఆర్లిస్ ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని ఇంకోసారి చేసింది. "తీపి కొంచెం తగ్గితే..." అనేలోపే బెర్నడీన్ అందుకుంది. "అదీ ఆలోచించాంలే! పంచదార పూర్తిగా మానేసి మార్ష్‌మాలోలు రెట్టింపు చేస్తున్నాం. వాటిలో సగం గాలేగా!"

ఆర్లిస్ ఫోన్ పెట్టేసి, తీగ పీకేసింది. ఇంకొక్క మాట సాయం చేస్తే ఊరు ఏమైపోతుందో ఆవిడకే భయం వేసింది.

ఆదివారం ప్రార్థన కాగానే మరీసా పెద్ద గిన్నె మోసుకుంటూ కింది హాల్లోకి దిగింది. అందులో ఉడికించిన పప్పు, కేల్ ఆకు, దానిమ్మ గింజలు. పొడుగాటి బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇరవై ఆరు గిన్నెలు, అన్నీ ఆకుపచ్చగా, ఎవరు నడిచినా ఒక్కసారిగా ఊగుతున్నాయి.

"ఇదేంటి ఆర్లిస్ గారూ?"

"సలాడమ్మా."

"మరి అది?"

"అదీ సలాడే."

"దాంట్లో తేలుతున్నవి?"

"బఠాణీలు. ఆ గిన్నె పెద్దాయన హార్లన్ మో గారిది. ఆయన ఎప్పుడూ ఒకడుగు ముందే."

మరీసా తన గిన్నె బల్ల చివర పెట్టింది. మడత కుర్చీ లాక్కుని కూలబడింది. కోపంగా నాలుగు మాటలన్నా బాగుండేది, బతిమాలుకోవడానికి సందుండేది అనుకుంది ఆర్లిస్. మరోపక్క జనం మాత్రం బల్లమీద పడ్డారు. నర్సమ్మ చెప్పినప్పటి నుంచి ఇంట్లో పెళ్ళాలకూ మొగుళ్ళకూ భయపడి నోరు కట్టుకున్నవాళ్ళంతా, చర్చే ఆరోగ్యమని పెట్టింది కదా అని మూడేసి మార్లు వడ్డించుకున్నారు. లైల్ అయితే నాలుగుసార్లు. మర్యాద కోసం ప్రతివాళ్ళూ మరీసా పప్పు ఒక్కో చెంచా వేసుకుని, "ఇది... వేరే రకంగా ఉందమ్మా," అన్నారు. ఆ ఊళ్ళో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆమెకది తెలియనందుకు ఆర్లిస్ దేవుడికి దండం పెట్టుకుంది.

గిన్నెలన్నీ ఖాళీ అయ్యాక సభ మొదలైంది. పాస్టర్ ఆల్విన్ కళ్ళజోడు సర్దుకుని, "ఇక వంటగది విషయం..." అనగానే ఆర్లిస్ లేచి నిలబడింది. నలుగురిలో లేచి తన గురించి తాను మాట్లాడటం ఆవిడ జన్మలో అదే మొదలు.

"తప్పంతా నాది. ఆ పిల్ల ఆకులు తెమ్మని రాసింది. నేను ఒక్క పూటలో మూడు ఫోన్లు మాట్లాడి దాన్ని జెల్లీ చేశాను. పచ్చగా అన్నది నేనే, కూరగాయలన్నది నేనే, తీపి తగ్గాలన్నదీ నేనే. ఇలా చేసే మనిషికి వంటగది ఇంకొక్క రోజు కూడా అప్పజెప్పకూడదు. నాకు ఓపిక కూడా అయిపోయింది, నిజంగా. మరీసాని తిట్టకండి, తాళాలు ఆమెకివ్వండి."

ఇంత సూటిగా ఎవరైనా మాట్లాడటం ఆ హాలు ఎరగదు. ఎవరో దగ్గారు. ఆర్లిస్‌కు మాత్రం హాయిగా ఉంది. చేయగలిగిందంతా చేసింది. ఇంత చెడగొట్టిన మనిషిని ఎవరుంచుకుంటారు?

అప్పుడు మరీసా లేచింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"నేనిందాకటి నుంచీ గిన్నెలు చూస్తూ కూర్చున్నా," అంది. "పంతొమ్మిది గిన్నెల్లో క్యారెట్ ఉంది. పదకొండింట్లో క్యాబేజీ. అన్నీ నాకేశారు! రెండేళ్ళుగా క్లినిక్కులో గొంతు చించుకున్నా నేను ఒక్క మనిషిచేత ఒక్క క్యారెట్ ముక్క తినిపించలేకపోయా. ఈవిడ మూడే మూడు ఫోన్లతో, అదీ ఒక్క పూటలో, ఊరంతటిచేత తినిపించింది. పచ్చగా అంటే పచ్చగా చేశారు, పంచదార మానమంటే మానేశారు. ఊరు మాట వింటుంది సార్. కాకపోతే నా మాట కాదు, ఆర్లిస్ గారి మాట. తాళాలు ఆవిడ దగ్గరే ఉండాలి. కొత్తగా పెట్టబోయే ఆరోగ్య కమిటీ కూడా ఆవిడకే ఇవ్వాలి. ఏమేం చెప్పాలో నేను పక్కనుండి చెబుతుంటా, ఆవిడ ఫోన్లు చేస్తుంది."

"వద్దు!" అంది ఆర్లిస్.

ఏదిచ్చినా తీసుకునే ముందు రెండుసార్లు వద్దనడం ఆ ఊరి మర్యాద, అందుకని హాలంతా ముచ్చటగా నవ్వింది. బెర్నడీన్ పక్కావిడతో, "చూశావా, ఎంత అణకువో," అంది.

"వద్దండీ బాబూ, నిజంగానే వద్దు!"

అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. హార్లన్ మో బల్ల మీద చెంచాతో కొట్టాడు. లైల్ నోటి నిండా జెల్లీతో, భార్య వైపు చూడకుండా చెయ్యెత్తాడు. పాస్టర్ ఆల్విన్ మరో సంగతిలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కార్యదర్శి సభ పుస్తకంలో ఇలా రాసింది: 'ఆర్లిస్ గారు రెండుసార్లు వద్దన్నారు కనుక, ఆవిడకు ఇష్టమేనని సభ సంతోషంతో గ్రహించింది.'