ఎలుగుల పేరు పైకొచ్చిన రోజు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న నీటి మడుగు ఉండేది. మడుగు ఎంత చిన్నదో, దాన్ని చూసుకునే ఆఫీసు అంత పెద్దది. ఆ ఆఫీసుకి హెడ్ గుమాస్తా జాంబయ్య అనే ఎలుగుబంటి.

సింహం దొరవారు ఆఫీసుకి కంప్యూటర్లు తెప్పించినప్పుడు అందరినీ శిక్షణకి పంపారు. జాంబయ్యా వెళ్లాడు. మధ్యలో పెట్టిన తేనె బాగుందని అతనికి గుర్తు. మిగతాదంతా నిద్రలో జరిగిపోయింది. చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నాడు. అక్కడైతే వచ్చినవాళ్లకి కనపడుతుంది, తనకి కనపడదు.

నిజం చెప్పాలంటే ఆఫీసులో అందరి సంగతీ అంతే. కోతి కొమ్మారావుది వర్డ్. శీర్షిక పేజీ మధ్యకి రావాలంటే స్పేస్ మీట మీద వేలు పెట్టి, అది మధ్యకొచ్చేదాకా తీసేవాడు కాదు. నెమలి పింఛావతిది పవర్‌పాయింట్. ఆమె స్లైడుల్లో ఒక్కో అక్షరం గిరగిరా తిరుగుతూ వచ్చి కూర్చునేది. మాట పూర్తయ్యేలోగా సభ గుర్రు పెట్టేది.

జాంబయ్యది ఎక్సెల్. గళ్లలో అంకెలు వేసేవాడు. కూడాల్సి వస్తే బల్ల కింద కాలిక్యులేటర్ పెట్టుకుని కూడి, వచ్చింది గడిలో కొట్టేవాడు. "కంప్యూటర్ కూడింది దొరా" అనేవాడు. అనేటప్పుడు మాత్రం తనకే కొంచెం నవ్వొచ్చేది.

ఆ ఏడు ఎండలు ముదిరి మడుగు అడుగంటింది. అందరూ ఒకేసారి దిగితే బురదే మిగులుతుందని దొరవారు వంతులు పెట్టారు. పొద్దున జింకలు, కుందేళ్లు, కోతులు. మధ్యాహ్నం ఏనుగులు, ఎలుగులు. సాయంత్రం చిరుతలు, పులులు. జాంబయ్య ఎక్సెల్‌లో ఎడమ వరసన పేర్లు, కుడి వరసన వేళలు వేశాడు. ఎవరికీ ప్రాణభయం లేని ఏర్పాటు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఏనుగుల పెద్ద గజపతి వచ్చి దొరవారి ఎదుట బల్ల గుద్దాడు. బల్ల విరిగింది.

"జింకల కిందా మా పేరు? కుందేళ్ల కిందా? మా వంశమేంటి, మా ఒళ్లేంటి!"

దొరవారు జాంబయ్యని పిలిపించారు. "ఎవరి మనసూ నొప్పించకుండా పేర్లు అక్షరక్రమంలో పెట్టెయ్. ఒక్క మీట నొక్కితే చాలటగా?"

"చిటికెలో పని దొరా!" అన్నాడు జాంబయ్య. అన్నాక రాదని చెబుదామనే నోరు తెరిచాడు. గోడ మీది ఫ్రేము గుర్తొచ్చి మూసేశాడు. పైగా అక్షరక్రమమంటే ఎలుగులే మొదట. ఆ ఆశ కూడా లేకపోలేదు.

సీట్లో కూర్చుని పేర్ల వరసని మాత్రం ఎంచి మీట నొక్కాడు. తెర మీద ఒక చిన్న పెట్టె లేచింది. పక్క వరసని కూడా దీంతోపాటే కదపమంటారా అని అడుగుతోంది. జాంబయ్య అందులో 'పక్క వరస' అన్నంతవరకే చదివాడు. పక్కవాళ్ల జోలికి పోకపోవడం మర్యాద అనుకుని, వద్దని కొట్టాడు.

పేర్లు చకచకా కదిలాయి. ఎలుగులు అందరికన్నా పైకెక్కాయి. ఆ సంబరంలో కుడి వరస ఉన్నచోటే ఉండిపోయిందని చూసుకోలేదు. సేవ్ చేసి, ఫైలు మూసి, ప్రింట్లు తీసి చెట్లకి అంటించమన్నాడు.

మర్నాడు ముసలి జింక చుక్కమ్మ ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది.

"బాబూ జాంబయ్యా, పొద్దున వెళ్తే నీళ్లు తాగనివ్వలేదు. సాయంత్రం రమ్మన్నారు. సాయంత్రం పులులు కదా నాయనా?"

"కాగితంలో ఏముంది?"

"సాయంత్రమనే ఉంది."

"మరింకేం? చేత్తో రాస్తే తప్పులొస్తాయిగానీ, కంప్యూటర్ తీసిన కాగితంలో తప్పెందుకొస్తుందమ్మా?" అన్నాడు తలెత్తకుండా.

"పిల్లలు గొంతు తడవక సొమ్మసిల్లుతున్నారు. చదువుకున్నవాడివి, నీ మాట మీద తీసుకెళ్తా" అని చుక్కమ్మ వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా భార్య తేనెమ్మ ఆఫీసులోకే వచ్చి పడింది.

"ఏవండీ, మన వంతు మధ్యాహ్నం కదా? వెళ్తే అక్కడ చిరుతలున్నాయి. మీది పొద్దున్నే అయిపోయింది పొమ్మన్నాయి. బారెడు పొద్దెక్కితేగానీ లేవని కొంపకి పొద్దున వంతు వేసిన మహానుభావుడెవరు?"

అప్పుడు కాగితం చూశాడు జాంబయ్య. ఒంటి మీద బొచ్చంతా లేచి నిలబడింది. అన్నిటికన్నా కింద జింకలు, పులులు. ఇద్దరికీ ఎదురుగా సాయంత్రం.

ఫైలు తెరిచి, చేసింది రద్దుచేసే మీట టకటకా నొక్కాడు. నిన్న సేవ్ చేసి మూసిన ఫైలు అది, ఏం చేశాడో దానికి గుర్తు లేదు.

"కొమ్మారావూ, ఇది వెనక్కెలా తేవాలి?"

"నాది వర్డ్ వరకే గురువుగారూ."

"పింఛావతీ, నీకేమైనా తెలుసా?"

"స్లైడుగా వేసిపెట్టనా అండీ?"

జాంబయ్య బయటికి పరుగు తీశాడు. దారిపొడుగునా తనని తానే తిట్టుకున్నాడు. పాఠానికి పడుకుని ఫ్రేముకి మేలుకున్నావు కదరా! రాదు అన్న ఒక్క మాటకి సిగ్గుపడి చుక్కమ్మ పిల్లల్ని పులుల నోటికి అందించావు కదరా!

మడుగు దగ్గర పులుల పెద్ద కాగితం పట్టుకుని హుందాగా నిలబడ్డాడు. "మాదీ ఇదే వేళ, జింకలదీ ఇదే వేళ. నీళ్లతోపాటు భోజనం కూడా ఏర్పాటు చేశారు. మీ ఆఫీసు ఇంత బాగా పనిచేయడం ఇదే చూడ్డం!"

అవతల చుక్కమ్మ మంద గట్టు దిగుతోంది.

"ఆగండి! నాకు ఎక్సెల్ రాదు!" అని గావుకేక పెట్టాడు జాంబయ్య. "ఎక్సెలే కాదు, ఏదీ రాదు! చుక్కమ్మా, పరిగెత్తు!"

మంద చెదిరిపోయింది. వెనకబడ్డ ఒక కూన మీదికి పులి దూకింది. జాంబయ్య అడ్డం పడ్డాడు. వీపు మీద బొచ్చు ఊడిపోయింది, కూన దక్కింది.

మర్నాడు సభలో జాంబయ్య ఫ్రేము తెచ్చి దొరవారి ముందు పెట్టాడు. "తప్పు నాది దొరా. నాకు రాదు. వచ్చినవాళ్లని పెట్టుకోండి."

"ఎవరికొచ్చు?" అని గర్జించారు దొరవారు.

కొమ్మారావు తోక చూసుకున్నాడు. పింఛావతి పింఛం ముడిచింది. గజపతి మెల్లిగా, "మరి తమకి?" అన్నాడు. దొరవారు చాలాసేపు దగ్గారు.

"జాంబయ్యకి కనీసం తనకి రాదని తెలుసు. మీకు అదీ తెలియదు. కాబట్టి ఈ అడవిలో అతనే నిపుణుడు. రేపటినుంచి అందరికీ అతనే శిక్షణ ఇస్తాడు. తేనె ఆఫీసు ఖర్చు."

"ముందు మా వంతు చేత్తో రాసివ్వు నాయనా" అంది చుక్కమ్మ. రాసిచ్చాడు.

శిక్షణ మొదలైంది. జాంబయ్య తనకి తెలిసిన ఒకే ఒక్క పాఠం చెప్పాడు. "పెట్టె లేస్తే చివరిదాకా చదవండి." తలెత్తి చూస్తే సగం మంది నిద్రలో ఉన్నారు. మిగతా సగం దగ్గర వడ్రంగిపిట్ట ఫ్రేములకి కొలతలు తీసుకుంటోంది.

నీతి: రాదని ఎక్కడా ఒప్పుకోకండి, నేర్పించమంటారు.