పెద్దబల్లి నోట్లో సమన్యాయం

"ఇకపై ఏ భూతమైనా, ఏ మృగమైనా పక్షపాతం చూపితే సహించేది లేదు" అని సినిమా మంత్రిగారు ప్రకటించారు. లో బడ్జెట్ మృగాల సినిమాల్లో అన్ని వర్గాలకూ సమాన ప్రాతినిధ్యం ఉండి తీరాలట. ఇంత దూరం ఆలోచించే మంత్రి దొరకడం మన అదృష్టం. మామూలు మంత్రులైతే రోడ్ల దగ్గరే ఆగిపోతారు.

అలాంటి సినిమాలకు రంగునీళ్లతో రక్తం కలిపేది నేనే. వాటిలో అందరికన్నా ముందు చచ్చే వేషం మా పిన్ని కూతురిది. అక్క నల్లగా ఉంటుంది. నల్లటి మనిషిని ముందు చంపేస్తే జనం మిగతావాళ్ల గురించి కంగారుపడతారని మా డైరెక్టరు సిద్ధాంతం. అక్క కూతురు పాప్‌కార్న్ కొనుక్కుని హాల్లోకి వచ్చేసరికి తెరమీద వాళ్లమ్మ ఉండదు.

"ఈసారి చివరిదాకా బతుకుతానేమోరా. దానికి ఒక్కసారైనా చూపించాలి" అంది అక్క, మంత్రిగారి ప్రకటన పడ్డ పేపరు మడిచి దాచుకుంటూ. నాకూ ఆశ పుట్టింది.

మేం తీయబోతున్న పెద్దబల్లి సినిమానే మంత్రిగారు ఇందుకు నమూనాగా ఎంచుకున్నారు. మర్నాటికల్లా మా ఆఫీసు వరండా సంఘాల నాయకులతో నిండిపోయింది. వకీళ్లు, నర్సులు, బట్టతలవాళ్లు, అందరికీ వేషం కావాలి. మంత్రిగారు కాదనకుండా అందరికీ ఇచ్చేశారు. ఆ తర్వాత ఎవరో కథ చదివారు.

"మావాణ్ని బల్లి తింటుందటగా?" అన్నాడు వకీళ్ల నాయకుడు.

"తినకపోతే దానికి సినిమాలో పనేముందండీ?" అన్నాడు డైరెక్టరు.

"అయితే నర్సుల్ని తినమనండి."

"మా మనోభావాలు దెబ్బతింటాయి" అంది నర్సుల నాయకురాలు. "బట్టతలవాళ్లయితే మింగడానికి సులువు."

బట్టతలవాళ్ల నాయకుడు కుర్చీ ఎత్తాడు.

మంత్రిగారు కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచించారు. దాన్నే గిట్టనివాళ్లు కునుకు అంటారు. తర్వాత కళ్లు తెరిచి, "అన్ని వేషాలూ ఉంటాయి. వాటిని ఏ సంఘం మనిషీ వేయడు" అని తేల్చేశారు. "ఏ సంఘంలోనూ లేనివాళ్లు ఎవరున్నారిక్కడ?"

అందరూ అక్కవైపు చూశారు.

చివర్లో బతికే ఒక్క వేషం కోసం మళ్లీ కుర్చీలు లేచాయి. అందరి ప్రతినిధిగా ఆ భారం తానే మోస్తానని మంత్రిగారు ముందుకొచ్చారు. త్యాగమంటే అది.

అక్క నల్లకోటు తొడుక్కుని చచ్చింది. తెల్లటోపీ పెట్టుకుని చచ్చింది. నెత్తికి రబ్బరు బట్టతల అంటించుకుని చచ్చింది. నాకు రక్తం కలపడానికి చేతులు చాల్లేదు.

"వేషాలు మాత్రం పెరిగాయిరా" అంది, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ. నాకు ఏడుపొచ్చింది. మంత్రిగారి మీద గౌరవం కొద్దీ ఆపుకున్నాను.

చివరి షాట్‌కు పత్రికలవాళ్లందర్నీ పిలిచారు. సూర్యోదయం లైటు వేశారు. మంత్రిగారు ఇస్త్రీ నలగని చొక్కాతో అట్టకొండ ఎక్కి, ప్రాతినిధ్యం మీద ఉపన్యాసం అందుకున్నారు. వెనక బల్లి నోట్లోంచి అక్క కాళ్లు వేలాడుతున్నాయి. లోపల ఊపిరాడక కాబోలు, గిలగిలా కొట్టుకున్నాయి.

"కాళ్లు కదపకమ్మా" అన్నాడు డైరెక్టరు మెల్లగా. "సార్ మీ గురించే మాట్లాడుతున్నారు."