పై మెట్టు మీద కొండరాయి

ఆ రోజు కోడలు పెట్టుకున్న పని చాలా చిన్నది. మెట్ల పక్క గోడ తుడవాలి, అంతే. సాయంత్రం ఓనరు గారు వస్తున్నారు. కింద టైర్ల దుకాణం, పైన మామగారి బాక్సింగ్ హాలు, హాలు వెనక వాళ్లు కాపురముండే రెండు గదులు, అన్నీ ఆయనవే. అద్దె ఒప్పందం ఈ నెలతో ముగుస్తుంది. తిరిగి రాస్తారో, ఖాళీ చెయ్యమంటారో ఇంకా తేలలేదు. ఎవరో గోదాము కోసం ఆ మేడ అడుగుతున్నారని టైర్ల దుకాణం మనిషి చెప్పినప్పటి నుంచి అత్తగారికి కంటి మీద కునుకు లేదు.

మామగారి లెక్కలో మాత్రం అది గోడ కాదు. చరిత్ర. మెట్టుకొకటి చొప్పున కింద నుంచి పైదాకా హెవీవెయిట్ వీరుల పటాలు ఉంటాయి. ఎంత గొప్పవాడైతే అంత పై మెట్టు. జీవితమంతా కుర్రాళ్లకి గ్లవ్స్ తొడిగి గడిపిన మామగారు ఒక్క పటాన్ని ఒక్క మెట్టు జరపాలన్నా ఒక వానాకాలమంతా ఆలోచిస్తారు. అన్నిటికన్నా పైన, హాలు గుమ్మం పక్కన, పాదరసం ఉంటాడు. అతను ఏనాడూ ఒకచోట నిలబడి దెబ్బ తినలేదు కాబట్టి మామగారు పెట్టిన పేరది. అన్నిటికన్నా కింద, చెప్పుల స్టాండు పక్కన, కొండరాయి ఉంటాడు.

ఆ కొండరాయి ఓనరు గారి ప్రాణం. బంగారు అంచు ఫ్రేము కట్టించి ఆ పటం ఇచ్చింది కూడా ఆయనే. తలుపు రెక్కలో సగం ఉంటుంది. ఇచ్చినవాడి మొహం చూసి పై మెట్టు ఇచ్చే రకం కాదు మామగారు. "ఎదటివాళ్లని రెండు రౌండ్లలో పడుకోబెట్టాడు, నిజమే. వాళ్లలో సగంమంది అప్పటికే పడుకునే వయసువాళ్లు," అని చెప్పుల పక్కన తగిలించారు. అప్పటి నుంచి ఓనరు గారు వచ్చినప్పుడల్లా కింది మెట్టు దగ్గరే వాదన మొదలుపెట్టి, పైకొచ్చేసరికి ఎర్రబడిపోయి, మంచినీళ్లు తాగి వెళ్తుంటారు. వారం తప్పేది కాదు.

"గోడ తుడువమ్మా. పటాలు మాత్రం కదపకు," అని చెప్పి మామగారు ఇస్త్రీకిచ్చిన కోటు తెచ్చుకోవడానికి బయల్దేరారు. కోడలి భర్త పోటీలకని కుర్రాళ్లను తీసుకుని పై ఊరు వెళ్లి ఉన్నాడు. అత్తగారు వెనక గదిలో ఓనరు గారు కూర్చునే కుర్చీ గలీబు ఉతుకుతున్నారు.

పటం కదపకుండా పటం వెనక దుమ్ము ఎలా తుడుస్తారు? కోడలు పాదరసాన్ని కాస్త ఎత్తింది. అతను నిలకడ లేనివాడని పేరుంది కదా. మేకు ఊడింది, మేకుతో పాటు సున్నం ఊడింది, సున్నంతో పాటు విస్తరాకంత పెచ్చు ఊడి మెట్ల మీద పడింది. లోపల ఇటుకలు పళ్లికిలించాయి.

ఓనరు గారి గోడ. అదీ ఓనరు గారు వచ్చే రోజు.

కోడలు పాదరసాన్ని అడ్డం పెట్టి చూసింది. చాలలేదు. పై మెట్ల వాళ్లందరినీ ఒక్కొక్కరిగా తెచ్చి పెట్టి చూసింది. గొప్పవాళ్ళే గానీ వెడల్పు లేనివాళ్లు. చివరికి చెప్పుల స్టాండు దాకా దిగి కొండరాయిని రెండు చేతులా ఎత్తుకుని, ఆయాసపడుతూ పైకి తెచ్చి, ఊడిన మేకుని కన్నం పైన మళ్లీ కొట్టి తగిలించింది. కన్నం మాయమైంది. ఈ ఒక్క పూటకే కదా అనుకుని పాదరసాన్ని కింద ఖాళీ అయిన మేకుకి తగిలించింది.

సరిగ్గా అప్పుడే రిఫరీ తాతగారు వచ్చారు. ఆయన రిటైరయి చాలా కాలమైనా రోజూ వచ్చి రింగు చుట్టూ నడుస్తారు. ఒక చెప్పు విప్పారు. రెండోది విప్పబోతూ పాదరసాన్ని చూశారు. తల ఎత్తి పైకి చూశారు. ఒంటికాలి మీద అలాగే ఉండిపోయారు.

"అమ్మాయ్, ఇదెవరి పని?"

నిజం చెప్పాలంటే కన్నం సంగతి చెప్పాలి. రిఫరీ తాతగారి విషయంలో పెదవి దాటితే పృథివి దాటినట్టే. సాయంత్రానికి ముందే ఓనరు గారి చెవిన పడుతుంది. "మామగారు వస్తారండీ, ఆయన్నే అడగండి," అంది కోడలు.

"అడిగేదేముంది. ఆయన మాట లేకుండా ఈ గోడ మీద బల్లి కూడా పక్క మేకుకి పోదు." తాతగారు విప్పిన చెప్పు మళ్లీ వేసుకున్నారు. "అద్దె కోసం చరిత్ర అమ్ముకున్నాడన్నమాట."

ఆయన అటు దిగారో లేదో, ఇటు గలీబు ఆరెయ్యడానికి వచ్చిన అత్తగారు గుమ్మం పక్క కొండరాయిని చూసి కొంగు కళ్లకు అద్దుకున్నారు. "ఇన్నేళ్లకి ఆయనకి నా మీద జాలి కలిగిందే," అన్నారు. కోడలు నోరు తెరిచింది గానీ అత్తగారు అప్పటికే ఫోను అందుకున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో మామగారిని అత్తగారు మెచ్చుకోవడం కోడలు చూడటం అదే మొదటిసారి. మధ్యలో అడ్డం పడటానికి మనసు రాలేదు.

"ఏవండీ, మీరింత త్యాగం చేస్తారనుకోలేదు."

ఇస్త్రీ దుకాణంలో మామగారు ఆ త్యాగం పాత కోటు గురించి అనుకున్నారు. ఓనరు గారి ముందు కోటు తొడగనని ఇన్నాళ్లూ పంతం పట్టి, ఈ రోజు ఒప్పుకున్న మాట నిజమే. "దానికేముందే, ఈ వయసులో పంతాలెందుకు," అన్నారు.

అరగంటకి తాతగారు మనసుండబట్టక, మరో ఇద్దరు పాత సభ్యులను వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. "ఆయనే నోటితో అన్నారండీ, పంతాలెందుకని," అని అత్తగారు గర్వంగా చెప్పారు. సభ్యులిద్దరూ నేరుగా లోపలికి నడిచారు. లాకరు తాళాలు బల్ల మీద పెట్టి, లోపల్నించి గ్లవ్స్ తెచ్చుకుని, పోతూ పోతూ పాదరసానికి నమస్కారం పెట్టి వెళ్లారు. తాతగారు మాత్రం కింది మెట్టు మీద, పాదరసానికి కాపలాగా, కూలబడ్డారు.

మామగారు కోటు చేతిమీద వేసుకుని ఇంటికొచ్చేసరికి వీధంతా ఆయన్ని రెండు రకాలుగా చూసింది. ఇస్త్రీ ఆయన "కాలాన్ని బట్టి నడవాలి మాస్టారూ, మంచి పని చేశారు," అన్నాడు. ఎదురుపడిన పాత శిష్యుడు మొహం తిప్పుకున్నాడు. మెట్ల దగ్గర తాతగారు "ఎంతకి?" అని మాత్రమే అడిగారు.

మామగారు గోడ చూశారు. కిందికీ పైకీ చూశారు. మెట్లు ఎక్కి, గొంతు పెంచకుండా అడిగారు. "ఎవరమ్మా?"

కోడలు కొండరాయిని ఒక పక్కకి ఎత్తింది. మామగారు కన్నాన్ని చూశారు, ఆ తర్వాత కోడలి చేతులకి అంటిన సున్నాన్ని. కోడలు కళ్లు దించుకుంది.

"నేను తప్పు చేశాను మామయ్యా. మిగతావాళ్లు చాలలేదు."

"చాలరు. వాళ్లు గోడలకి అడ్డం పడే రకం కాదు," అన్నారు మామగారు. "తియ్యి. ఎవడి మెట్టు వాడికి ఇచ్చెయ్యి."

అత్తగారికి అప్పుడు అర్థమైంది, త్యాగమేమీ జరగలేదని. "ఏవండీ, ఒక్క గంట. ఒక్క గంట ఆయన్ని పైన ఉండనివ్వండి. సంతకం అయ్యాక కావాలంటే మెట్ల కింద పెట్టుకోండి."

"గంటసేపు అబద్ధమాడే గోడ పక్కన నేను నిలబడలేను."

"నిలబడకండి. కూర్చోండి. ఉతికిన గలీబు కూడా వేశాను."

ఈ వాదన తేలేలోపే కింద కారు తలుపు చప్పుడైంది. ఓనరు గారి అడుగులు వినిపించాయి. కింది మెట్టు దగ్గర ఎప్పటిలాగే ఆగాయి. ఎప్పటిలా మాట మాత్రం వినిపించలేదు. చాలాసేపటి తర్వాత, ఒక్కొక్క మెట్టే, బరువుగా పైకొచ్చాయి. ఓనరు గారు గుమ్మం పక్కన నిలబడి తన కొండరాయిని చూశారు. అత్తగారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురొచ్చారు.

ఓనరు గారి మొహం వాడిపోయింది. వెళ్లి కుర్చీలో కాదు, కుర్రాళ్ల బెంచీ మీద కూర్చున్నారు.

"అయితే ఒప్పేసుకున్నారన్నమాట, మాస్టారూ."

మామగారు ఇరుకున పడ్డారు. ఒప్పుకున్నానంటే అబద్ధం, లేదంటే ఇల్లు పోతుంది. మింగలేక కక్కలేక కోటు గుండీలు లెక్కపెట్టుకుంటున్నారు.

"ఇక నేను రావడం దేనికి?" అన్నారు ఓనరు గారు. "ఇంట్లో నేనేమన్నా సరే అంటారు. కొడుకులు సరే, కోడళ్లు సరే, గుమాస్తా అయితే నేను అనకముందే సరే. వారానికోసారి ఈ మెట్లెక్కితే కాదనే మనిషి ఒకడుండేవాడు. వచ్చే దారంతా ఏమనాలో ఆలోచించుకునేవాణ్ణి. గోదాము వాళ్లకి కుదరదని చెబుదామనే వచ్చాను. మీరే ఒప్పేసుకుంటే, ఇక టైర్లు పెడితే ఏం, బస్తాలు పెడితే ఏం."

అత్తగారి చేతిలోంచి గ్లాసు జారింది. ఇన్నాళ్లూ మొగుడి మొండితనం వల్ల ఇల్లు పోతుందని భయపడిన మనిషికి, ఆ మొండితనం మీదే ఇల్లు నిలబడిందని ఒక్కసారిగా తెలిస్తే గ్లాసు ఎలా నిలుస్తుంది?

కోడలు నెమ్మదిగా వెళ్లి కొండరాయిని మేకు మీంచి దించింది. పెచ్చులు మరికొన్ని రాలాయి.

"మామయ్య ఒప్పుకోలేదండీ. పొద్దున నా చేతిలో మీ గోడ ఊడింది. కనపడకుండా ఈయన్ని అడ్డం పెట్టాను. అంత వెడల్పు ఈయనకే ఉంది."

ఓనరు గారు లేచొచ్చి కన్నంలోకి తొంగిచూశారు. "అంటే, నా కొండరాయిని కన్నానికి మూతగా పెట్టారా?"

"ఇన్నాళ్లకి ఒక పనికొచ్చాడు," అన్నారు మామగారు.

కోడలు కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఓనరు గారి చెవులు ఎర్రబడుతున్నాయి, పెదవులు మాత్రం నవ్వుని దాచుకోలేకపోతున్నాయి. "పనికొచ్చాడా? పాదరసంతో తలపడ్డ రోజు మావాడికి జ్వరం, అది తెలుసా మీకు?"

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని పడుకోవాలి గానీ రింగులో పడుకుంటారా?"

"ఎనిమిదో రౌండు దాకా మీవాణ్ణి పరిగెత్తించాడు."

"పరిగెత్తించలేదు. మావాడు తిరుగుతున్నాడు, మీవాడు వెతుకుతున్నాడు."

ఆ మాటకి కింద నుంచి చప్పట్లు వినిపించాయి. రిఫరీ తాతగారు రెండు చెప్పులూ విప్పి మెట్లెక్కుతున్నారు. లాకరు తాళాలిచ్చిన ఇద్దరికీ మెట్ల మీంచే ఫోను చేశారట, చరిత్ర భద్రంగా ఉందని.

సందు దొరకని అత్తగారు ఒప్పందం కాగితాలు తెచ్చి ఇద్దరి మధ్యా పట్టుకున్నారు. ఓనరు గారు, మాట ఆపకుండానే, కొండరాయి వీపుని బల్లగా చేసుకుని సంతకం పెట్టారు. మామగారు కూడా పెట్టారు, ఆ వీపు దేనికి పనికొస్తుందో ఇంకోసారి చెప్పి. కన్నం గురించి ఎవరూ ఏమీ అనకపోవడంతో, కోడలే మర్నాడు మేస్త్రీని పిలుద్దామనుకుని చీపురు అందుకుంది.

ఆ రకంగా, హెవీవెయిట్ చరిత్రలో కొండరాయి ఎన్నోవాడో తేల్చడానికి ఇద్దరు పెద్దమనుషులూ అద్దె కాగితం మీద ఐదేళ్ల గడువు రాసుకున్నారు.