రెండంతస్తుల స్టాండు

...కానీ తివాచీ ముక్క ఇంకాస్త మందంగా ఉంటే? రెక్క అంచుకు గీత పడితే అది జీవితాంతం కనిపిస్తుంది. మనిషి చెడేది తొందరపాటు వల్లనేనని గురుప్రసాద్‌కు గట్టి నమ్మకం. అందుకే శుక్రవారం పొద్దున్నే, గల్ఫ్‌లో, ముఐథర్‌లోని అద్దె విల్లా కారు షెడ్డులో, తన చేతులతో చేసిన స్టాండు ముందు గొంతుక్కూర్చుని మళ్ళీ కొలుస్తున్నాడు. ఈ రోజు పథకం స్పష్టం: తివాచీ అతికించాలి, కాఫీ తాగాలి, ఇంట్లోనే కూర్చుకునే చిన్న విమానం కిట్‌కు ఆర్డరు పెట్టాలి. మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం పథకం ఇదే. కాఫీ దాకా ఏనాడూ పొల్లుపోలేదు.

విమానం లేదు గాని దాన్ని నిలబెట్టే సరంజామా అంతా ఉంది. మొండేనికి ఒక స్టాండు, తోకకు మరొకటి. రెండు రెక్కలనూ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టడానికి రెండంతస్తుల స్టాండు: మనిషికి మించిన పొడవు, మెత్తని పరుపు, దొర్లి పడకుండా పక్కన కర్రలు. మొదలుపెట్టాలంటే తనకు భయమేమో అన్న ఆలోచన అప్పుడప్పుడూ తలెత్తేది. తలెత్తినప్పుడల్లా అతను ఇంకో స్టాండు చేసేవాడు. ఎంతైనా ప్లానింగ్ ఇంజినీరు మరి.

తివాచీ అతుక్కోగానే రెండంతస్తుల స్టాండును ఫొటో తీసి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద "అంతా సిద్ధం" అని మాత్రం రాశాడు. ఏమిటన్నది రాయలేదు. పచ్చళ్ళ బేరాలూ, గుడ్ మార్నింగ్ పువ్వులూ నిండిన ఆ గ్రూపుకు విమానం గురించి వివరించడం తన స్థాయికి తగదనుకున్నాడు.

కాఫీ చల్లారకముందే ఫోను మోగింది.

"నమస్తే సార్. నా పేరు నగేష్, మాది జగిత్యాల. కింది బెడ్ ఖాళీ ఉన్నదా?"

"ఏ బెడ్?"

"గదే సార్, ఫొటో పెట్టిన్రు గద. మా కంపెనీ క్యాంప్ బంద్ అయితున్నది, బయట రూము చూసుకొమ్మన్నరు. ఏసీ ఉంటదా?"

గురుప్రసాద్‌కు నవ్వొచ్చింది. రెక్కకూ మనిషికీ తేడా తెలియనివాడికి ఏం చెబుతాం! "ఇది నీకు అర్థమయ్యేది కాదులే బాబూ," అని ఫోను పెట్టేశాడు.

నగేష్‌కు వేరేగా అర్థమైంది. కాసేపట్లో గ్రూపులో అతని గొంతు వినిపించింది: "అన్నా, బెడ్లయితే ఉన్నయి. మనసొంటోళ్ళకు ఇయ్యడట. నలుగురం పోయి మర్యాదగ అడుగుదాం. యల్లా, నడువున్రి!"

నలుగురని బయలుదేరినవాళ్ళు, ఇల్లు వాకబు చేసుకుని, వ్యాను నిండా వచ్చారు. నగేష్ భుజాన పరుపు కూడా ఉంది. గురుప్రసాద్ భార్య అపూర్వ ఎండలో మాడుతున్న మనుషుల్ని చూసి, గేటు తీసి, నీళ్ళిచ్చి, షెడ్డు నీడలో కూర్చోమంది. వాళ్ళలో ఒకడు స్టాండును ఊపి చూశాడు.

"గట్టిగనే ఉన్నదిరా."

"దాన్ని ముట్టుకోకండి!" అని అరిచాడు గురుప్రసాద్.

"ఇయ్యనే ఇయ్యరు, ముట్టుకోనన్న ముట్టుకోనియ్యరా సార్?"

సరిగ్గా అప్పుడే, జుమ్మా నమాజు ముగించుకుని, ఇంటి ఓనరు తరఫు మనిషి జహాంగీర్ వచ్చాడు. నిజామాబాద్ వాడు. మనుషుల్నీ, పరుపునూ, రెండంతస్తుల స్టాండునూ వరసగా చూశాడు.

"క్యా సాబ్, మంచాలు కిరాయికిచ్చి బెడ్‌స్పేస్ నడుపుతున్నరా? ఫ్యామిలీ విల్లాల బ్యాచిలర్లను పెడితే మునిసిపాలిటోళ్ళు ఓనర్ మీద పడ్తరు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యున్రి."

"ఇవి మంచాలు కావయ్యా! విమానం స్టాండ్లు!"

జహాంగీర్ షెడ్డంతా కలియజూశాడు. "విమానం ఏది?"



"మూడేళ్ళుగా నేనూ అదే అడుగుతున్నా," అంది అపూర్వ.

"వస్తుంది. ముందు స్టాండ్లు..."

"ఇంట్ల విమానం చేస్తరా?" జహాంగీర్ జేబులోంచి ఫోను తీశాడు. "మంచాలైతే ఓనర్‌కు చెప్తా. విమానమైతే పోలీసుకు చెప్పాలె. రెండిట్ల ఏదో ఒకటి చెప్పున్రి సాబ్. జల్దీ."

గురుప్రసాద్ నోరు తెరిచాడు. అందులోంచి మాట రాకముందే అపూర్వ అందుకుంది.

"పోలీసులెందుకు అన్నయ్యా! అది ఈయన మంచమే. గురక పెడతారని నేనే ఇక్కడ పడుకోమన్నా. వీళ్ళు ఫొటో చూసి పొరబడ్డారు."

"ఇంజినీర్ సాబ్ కార్ల షెడ్డుల పంటడా?" జహాంగీర్ నమ్మలేదు. "సరే. ఒక్కడు పంటే మంచం, పదిమంది పంటే కేసు. పండున్రి, చూస్తా."

గురుప్రసాద్‌కు చెప్పవలసినవి చాలానే తోచాయి: రెక్క వంపు గురించి, బరువు సర్దుబాటు గురించి, మానవజాతి అజ్ఞానం గురించి. కానీ ఇల్లు పోతే స్టాండ్లు పోతాయి. స్టాండ్లు పోతే, ఇన్నాళ్ళూ దేనికోసం ఆగాడో తనకు తానైనా చెప్పుకోలేడు.

"పైది ఖాళీయే గద సార్?" అన్నాడు నగేష్ ఆశగా.

గురుప్రసాద్ చెప్పులు విడిచి, పక్క కర్ర పట్టుకుని, కింది అంతస్తులోకి దూరి వెల్లకిలా పడుకున్నాడు.

మూడేళ్ళలో ఆ స్టాండు మోసిన మొదటి బరువు అదే. వెంట్రుకవాసి కూడా వంగలేదు.